వెనకబడ్డ పిల్లలకు వేరే సెక్షన్ పెట్టాలా?

హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు ఒక ప్రైవేటు స్కూల్లో ఆరో తరగతికి లెక్కలు చెప్పే టీచర్ రాసిన ఉత్తరం ఇది. తన పేరు, స్కూలు పేరు వేయవద్దన్నారు. చాలా వివరంగా రాశారు కాబట్టి కుదించి ఇస్తున్నాను.

ఆరో తరగతి ఎ, బి సెక్షన్లు రెండూ ఆమెవే. ఒక్కో గదిలో నలభైమందికి పైనే పిల్లలు. ఎఫ్ఏ-1 (ఏడాదిలో మొదటి చిన్న పరీక్ష) పేపర్లు దిద్దితే రెండు సెక్షన్లలో కలిపి పదకొండుమందికి ఇరవైకి అయిదు లోపే వచ్చాయి. భిన్నాల పాఠం మొదలుపెట్టాక అసలు సంగతి బయటపడింది. వీళ్లలో కొందరికి తీసివేత రాదు, కొందరికి ఎక్కాలు రావు, ఇంకొందరు లెక్కను చదవనే లేరు. ‘‘నేను చెప్పేది ఆరో తరగతి పాఠం, వాళ్లున్నది మూడో తరగతిలో. ఎక్కడ మొదలుపెట్టను?’’ అని అడుగుతున్నారు.

కరస్పాండెంట్ గారు రెండు మార్గాలు చెప్పారట. ఒకటి, దసరా సెలవుల తర్వాత మార్కులను బట్టి సెక్షన్లు విడగొట్టడం. పైవాళ్లకు ఎ సెక్షన్, దానికి ‘ఫౌండేషన్ బ్యాచ్’ అని పేరు. మిగతావాళ్లంతా బి, వాళ్లకు కొత్తగా చేరిన టీచర్. రెండోది, సాయంత్రం నాలుగుంపావు నుంచి గంటసేపు స్పెషల్ క్లాస్. నెలకు అయిదొందలు ఫీజు, అందులో సగం ఈమెకు. ఏది మేలో సెలవుల ముందే చెప్పమన్నారు. ప్రిన్సిపల్ మేడం మాత్రం సిలబస్ ఎక్కడిదాకా వచ్చిందని వారం వారం డైరీ చూస్తున్నారు. ఇంట్లో భర్తేమో ‘‘వాళ్లిచ్చే జీతానికి ఇంత టెన్షన్ ఎందుకు, పాఠం చెప్పేసి వచ్చేయ్’’ అంటున్నారు.

ఇవి కాక ఒక అబ్బాయి విషయం. ‘‘బోర్డు మీదది అచ్చు గుద్దినట్టు రాసుకుంటాడు. నోట్సు చూస్తే క్లాసులో వీడే ఫస్ట్ అనుకుంటారు. రాసినదాంట్లో ఒక్క లైను చదవమంటే తల వంచుకుంటాడు. మాటల లెక్కలు మొదలవగానే మంచినీళ్లకని లేచి వెళ్లిపోతాడు.’’ పేరెంట్స్ మీటింగుకు వచ్చిన వాళ్లమ్మ, ఇంట్లోనే మిషన్ కుడుతుందట, ‘‘కొట్టయినా సరే చదివించండి మేడం’’ అని చెప్పి వెళ్లింది. వీడిది డిస్లెక్సియానా (తెలివి ఉన్నా చదవడంలో ఉండే ప్రత్యేక ఇబ్బంది), అయితే ఆ మాట ఆమెకు ఎలా చెప్పాలి అన్నది చివరి ప్రశ్న.

టీచర్ గారూ,

సెక్షన్ సంగతి, సాయంత్రం క్లాసు సంగతి కాసేపు పక్కన పెడదాం. ఉత్తరమంతా మీరు ‘ఈ పదకొండుమంది’ అనే రాశారు. మార్కుల లిస్టులో వాళ్లు ఒకచోటే ఉంటారు, నిజమే. కానీ ఒకరికి తీసివేత, ఒకరికి ఎక్కాలు, ఒకరికి చదవడం రాదని మీరే రాశారు. ముందు ఎవరు ఎక్కడ ఆగిపోయారో తెలియాలి. అది తెలియకుండా ఏ సెక్షన్‌లో కూర్చోబెట్టినా ఒకటే.

చిన్న పని ఒకటి చేసి చూడండి. పదకొండుమందికీ 52లోంచి 27 తీసివేయమని ఇవ్వండి. జవాబు తప్పా ఒప్పా అని వదిలేయకుండా, ఏ తప్పు వచ్చిందో చూడండి. కొందరు 35 వేస్తారు. ఆ 35 ఊరికే రాలేదు. ఒకట్ల స్థానంలో రెండులోంచి ఏడు పోదు కదా, అందుకని ఏడులోంచే రెండు తీసేశాడు, అయిదు. పదుల్లో అయిదులోంచి రెండు పోతే మూడు. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయాలి అనే మాట ఏ రెండో తరగతిలోనో చెవిన పడింది, దాన్ని శ్రద్ధగా పాటిస్తున్నాడు. వాడికి అందనిది స్థానవిలువ. ఇంకో పిల్ల 24 అనో 26 అనో వేస్తుంది. ఆ పిల్లకు పద్ధతి అంతా వచ్చు, పన్నెండులోంచి ఏడు తీసేటప్పుడు వేళ్ల మీద లెక్క తప్పింది. రోజూ అయిదు నిమిషాలు నోటిలెక్కలు చేయిస్తే చాలు. మూడోవాడు 25 అని టకీమని వేసేస్తాడు. మరి పరీక్షలో ఎందుకు పోయింది? అక్కడ అదే లెక్క రెండు లైన్ల ఇంగ్లిష్‌లో ఉంది. దాన్నే తెలుగులో, ఇంట్లో ఉర్దూనో హిందీనో మాట్లాడే పిల్లలైతే ఆ భాషలో, నోటితో అడిగి చూడండి. చెప్పేశాడంటే వాడికి లెక్కలు వచ్చు, ఇంగ్లిష్ రాదు. ముగ్గురికీ వచ్చింది ఇరవైకి నాలుగే. ముగ్గుర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి భిన్నాలు మళ్లీ మొదటినుంచి చెబితే ఒక్కరికీ ఉపయోగం ఉండదు.

చదవడం ఎక్కడ ఆగిందో చూడటానికి ‘అసర్’ సర్వే పద్ధతి బాగుంటుంది. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి పల్లెల్లో చేయిస్తున్న సర్వే అది. దానికి కావాల్సింది ఒక్క కాగితం. అందులో అక్షరాలు, చిన్న చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. పిల్లవాడిని ఒక్కడినే పక్కన కూర్చోబెట్టుకుని చదివించి, తడబడకుండా ఎంతవరకు వెళ్లాడో రాసుకోవడమే. లెక్కల్లోనూ అంతే. ఒక అంకె సంఖ్యలు గుర్తుపట్టడం, రెండంకెలవి, అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. ఒక్కొక్కరికి పది నిమిషాలు చాలు. ఆటల పీరియడ్‌లోంచి మాత్రం పిలవకండి, శిక్ష అనుకుంటారు. క్లాసంతా ఏదైనా రాసుకుంటున్నప్పుడు ఒక్కొక్కరిని మీ టేబుల్ దగ్గరికి పిలిస్తే ఎవరికీ తెలియను కూడా తెలియదు. తెలుగు, ఇంగ్లిష్ రెండూ చదివించండి. ఆ రెండింటి మధ్య తేడా ఆ అబ్బాయి విషయంలో మీకు చాలా పనికొస్తుంది.

మన తెలంగాణ ప్రభుత్వ బళ్లలో 2022లో ఒకటి నుంచి అయిదు తరగతులకు ‘తొలిమెట్టు’ మొదలైంది, తర్వాత పై తరగతులకు ‘ఉన్నతి’ వచ్చింది. వాటి ఉద్దేశమూ ఇదే, పిల్లవాడు ఉన్నచోటి నుంచి మొదలుపెట్టడం. మీ కాలనీలో ప్రభుత్వ టీచర్ ఎవరైనా ఉంటే అడిగి వర్క్‌షీట్లు తెచ్చుకోండి. అన్నీ మీరే తయారు చేసుకోనక్కర్లేదు.

ఇప్పుడు సెక్షన్లు. కరస్పాండెంట్ గారి ఆలోచనలో పసలేదని నేననను. ఒకే స్థాయి పిల్లల్ని ఒకచోట చేర్చి చెబితే పని తేలికవుతుంది. ముంబై, వడోదరల్లో ప్రథమ్ ‘బాలసఖి’ అని ఒక కార్యక్రమం నడిపింది. మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడ్డ పిల్లల్ని బడి వేళల్లోనే రోజుకు రెండు గంటలు పక్కకు తీసుకెళ్లి, ఆ చుట్టుపక్కల బస్తీకే చెందిన అమ్మాయి ఒకరు చదవడం, లెక్కలు మొదటి నుంచి నేర్పేవారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మరికొందరితో కలిసి దాని ఫలితాలను పరిశీలించి 2007లో ప్రచురించారు. పిల్లలు నిజంగానే పుంజుకున్నారు. ఆ ఇద్దరికీ 2019లో మైకేల్ క్రేమర్‌తో కలిపి ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది కాబట్టి, కరస్పాండెంట్ గారి దగ్గర ఆ పేర్లు వాడుకోవచ్చు.

అయితే అక్కడ ఎలా విడదీశారో చూడండి. రోజులో కొంతసేపే, ఏది రాదో దానికే. మిగతా టైమంతా పిల్లలు తమ క్లాసులోనే, తమ స్నేహితుల పక్కనే. మీ స్కూల్లో అనుకుంటున్నది మొత్తం మార్కులను బట్టి, రోజంతా, ఏడాదంతా. లెక్కలు రాకపోయినా సైన్సులో చురుగ్గా ఉండే పిల్ల సైన్సుకు కూడా బిలోకి పోతుంది. బి గదిలో బోర్డు దగ్గరికొచ్చి చేసి చూపించే పిల్లలే ఉండరు. కొత్త టీచర్‌కు క్లాసును అదుపులో పెట్టుకోవడంతోనే సరిపోతుంది. సంక్రాంతి వచ్చేసరికి ‘‘మేం బి కదా మేడం’’ అని పిల్లలే అనడం మొదలుపెడతారు. తిరిగి ఎలోకి వెళ్లే దారి ఏమిటో వాళ్లకు ఎవరూ చెప్పరు. అందరికంటే కష్టమైన పిల్లలకు అందరికంటే అనుభవం తక్కువున్న టీచర్‌ను వేయడం మాత్రం నాకు ఎప్పటికీ అర్థం కాని లెక్క.

ఆయన పట్టుబట్టొచ్చు. పక్క స్కూలు గేటుకు ఫౌండేషన్ బ్యాచ్ ఫ్లెక్సీ వేలాడుతుంటే ఆయన ఇబ్బంది ఆయనది. అప్పుడు వద్దని వాదించకుండా షరతులు అడగండి. లెక్కలకు మాత్రమే విడగొట్టండి, రెండు సెక్షన్ల లెక్కల పీరియడ్ ఒకే టైములో వేస్తే అది కుదురుతుంది. కింది గుంపు మీకివ్వమనండి, అందులో ఇరవైమందికి మించకుండా. ఆరు వారాలకోసారి మళ్లీ చూసి, అందుకున్నవాళ్లను పైకి పంపే ఏర్పాటు ముందే కాగితం మీద ఉండాలి. దీనివల్ల ఒక తలనొప్పి తప్పదు. పై గుంపు తల్లిదండ్రులు ‘మా పిల్లలకు కొత్త టీచరా’ అని ఆఫీసుకు వస్తారు. ఆ సంగతి ఆయనకు మీరే ముందుగా చెప్పి ఉంచండి.

సాయంత్రం క్లాసు పైకి మంచిదిగానే కనిపిస్తుంది. కానీ ఆగాల్సినవాళ్లే ఆగలేరు. ఆటో వెళ్లిపోతుందనేవాళ్లు, చెల్లెల్ని ఇంటికి తీసుకెళ్లాల్సినవాళ్లు, కొట్లో నాన్నకు సాయంగా కూర్చోవాల్సినవాళ్లు. ఆగినవాళ్లకేమో అప్పటికే పొద్దుటినుంచి క్లాసులు విని విని ఆకలేస్తుంటుంది. పొద్దున అర్థంకాని పాఠమే అలసిపోయిన బుర్రకు మళ్లీ చెబితే ఏం ఎక్కుతుంది? పైగా అయిదొందలు కట్టగలిగిన ఇంటికే ఆ సాయం. మిషన్ కుట్టే ఆ తల్లికి నెలనెలా అది భారం కావచ్చు.

డబ్బు గురించి సూటిగానే చెబుతాను. 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదంటుంది. స్కూల్లోనే జరుగుతోంది కదా అని సర్దిచెప్పుకున్నా, ఫీజులో మీకు వాటా ఉన్నాక ఎవరైనా వేలెత్తి చూపవచ్చు. అదే చట్టం 24వ సెక్షన్, ప్రతి పిల్లవాడి అభ్యసన స్థాయిని అంచనా వేసి అవసరమైతే అదనంగా బోధించడాన్ని టీచర్ విధుల్లోనే చేర్చింది. ఆ సగం ఫీజు మీ జీతానికి ఎంత ఆసరానో నేను ఊహించగలను. కానీ అది తీసుకున్న మర్నాటి నుంచి ‘క్లాసులో చెప్పకుండా సాయంత్రానికి దాచుకుంటోంది’ అనే మాట పడాలి. అదనపు పనికి డబ్బు అడగడం తప్పు కాదు. పిల్లల దగ్గర వసూలు చేసి ఇవ్వకుండా, మీ జీతంలో కలపమని అడగండి.

మూడో మార్గం ఒకటుంది, దాన్ని ఎవరూ మీ ముందు పెట్టినట్టు లేదు. మీ స్కూల్లో స్టడీ అవర్ ఉండే ఉంటుంది. సాధారణంగా అందులో పిల్లలు హోంవర్క్ చేస్తారు, లేదా చేస్తున్నట్టు కూర్చుంటారు. అందులోంచి అరగంట అడగండి. వారానికి నాలుగు రోజులు, అయిదారుగురు పిల్లలు, ఒకే ఒక్క విషయం, ఆరు నుంచి ఎనిమిది వారాలు. అమెరికా స్కూళ్లలో దీన్ని మూడు అంచెలుగా చేస్తారు. ముందు క్లాసందరికీ సరైన బోధన, దాంతో అందుకోలేనివాళ్లకు చిన్న గుంపులో కొన్నాళ్లు, అప్పటికీ కదలిక లేనివాళ్లకు విడిగా ఒక్కొక్కరికి. వైకల్యమున్న పిల్లల చదువు గురించిన 2004 నాటి చట్టం తర్వాత అక్కడ ఇది బాగా వ్యాపించింది. వాళ్లకు ఈ పనికి వేరే టీచర్లుంటారు, మీకు మీరే. అయినా ఆ వరస మాత్రం మనం తీసుకోదగ్గది.

ఆ అరగంటలో ఏం చేస్తారో తీసివేత గుంపుతోనే చెబుతాను. చీపురుపుల్లలు విరిచి పదేసి కట్టలు కట్టి రబ్బరుబ్యాండ్లు వేయండి. అయిదు కట్టలు, రెండు విడిపుల్లలు ముందు పెట్టి, ‘ఇందులోంచి ఇరవై ఏడు నా చేతికివ్వు’ అనండి. రెండు కట్టలిస్తాడు. రెండు విడిపుల్లలూ ఇస్తాడు. అక్కడ ఆగిపోతాడు. ఇంకా అయిదు కావాలి, మిగిలినవన్నీ కట్టలే. మీరేమీ మాట్లాడకండి, ఇక్కడే మనకు నోరు ఊరుకోదు. కాసేపటికి వాడే ఒక కట్టకున్న రబ్బరుబ్యాండ్ లాగేస్తాడు. అయిదు పుల్లలు మీ చేతిలో పెట్టి, మిగిలినవి లెక్కపెట్టుకుంటాడు. రెండు కట్టలు, అయిదు పుల్లలు. ఇన్నాళ్లూ అయిదు కొట్టేసి నాలుగు వేసి, రెండు పక్కన ఒకటి పెట్టింది ఎందుకో వాడికి అప్పుడు తెలుస్తుంది. మూడు నాలుగు రోజులు పుల్లలతోనే చేయించండి. తర్వాత కాగితం మీద కట్టకొక గీత, విడిపుల్లకొక చుక్క. అంకెలు ఆ తర్వాతే. ఆరో తరగతి పిల్లలకు పుల్లలంటే చిన్నపిల్లల పనిలా నామోషీగా ఉంటుంది. అలాంటివాళ్లకు పది రూపాయల నోట్లు, రూపాయి బిళ్లలు పెట్టండి. చిల్లర మార్చడం వాళ్లకు బాగా వచ్చు.

శుక్రవారం శుక్రవారం అయిదు లెక్కల చీటీ ఒకటి ఇచ్చి, తేదీ వేసి దాచండి. వరసగా మూడు వారాలు అయిదుకు నాలుగు చేసిన పిల్లవాడిని గుంపులోంచి పంపించేసి, ఆ చోటు ఇంకొకరికివ్వండి. ఇక్కడికి వచ్చినవాళ్లు బయటికి కూడా వెళతారని మిగతా పిల్లలు కళ్లారా చూడాలి. లేకపోతే మీ అరగంటకూ బి సెక్షన్ అనే పేరొస్తుంది.

ముందు ఎవరిని తీసుకోవాలన్నది కష్టమైన ప్రశ్న. అందరికంటే వెనకున్నవాళ్లను ముందు పట్టుకోవాలని మనసంటుంది. నేనైతే గట్టు దగ్గర్లో ఉన్న అయిదుగురితో మొదలుపెడతాను. వాళ్లు త్వరగా బయటపడతారు, మీకూ కరస్పాండెంట్‌కూ నమ్మకం కుదురుతుంది, తర్వాత మీ టైమంతా మిగతావాళ్లకు దొరుకుతుంది. దీనివల్ల బాగా వెనకున్న పిల్లలు ఇంకో రెండు నెలలు ఆగాల్సి వస్తుంది. అది మీకు మింగుడుపడకపోతే ముగ్గురు అటు, ముగ్గురు ఇటు పెట్టుకోండి. పని నెమ్మదిస్తుంది గానీ నడుస్తుంది.

మీ సొంత పీరియడ్ బాగుపడకపోతే ఈ అరగంట ఎంత చేసినా చాలదు. నలభైమందిలో చెయ్యెత్తేది ఎప్పుడూ ఆ ఏడెనిమిదిమందే. వాళ్ల జవాబు విని పాఠం అర్థమైందనుకుని మనం ముందుకు పోతాం. అందరికీ పలకలు తెప్పించండి. అట్టముక్కకు తెల్లకాగితం అంటించి పైన ప్లాస్టిక్ కవరు వేసినా సరిపోతుంది, స్కెచ్‌పెన్ను తుడిస్తే పోతుంది. లెక్క ఇచ్చి ‘చూపించండి’ అంటే నలభై జవాబులు ఒకేసారి మీ కళ్ల ముందుంటాయి. ఎక్కడ తప్పుతున్నారో రాత్రి నోట్సులు దిద్దేదాకా ఆగక్కర్లేదు. పీరియడ్ మొదటి పది నిమిషాలు పాత లెక్కలు నాలుగు చేయించండి, నిన్నటిది ఒకటి, పోయిన వారానిది ఒకటి, కింది తరగతివి రెండు. బాగా వచ్చినవాళ్లకూ అవి పనికొస్తాయి, రానివాళ్లకు రెండయినా చేయగలిగినవి దొరుకుతాయి. మాటల లెక్క వస్తే పెన్ను పట్టుకోకముందే, అందులో ఏం జరిగిందో పక్కవాడికి తన భాషలో చెప్పమనండి. 2022-23లో ప్రభుత్వ బళ్లలో ఇంగ్లిష్ మీడియం తెచ్చినప్పుడు ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉండేలా పుస్తకాలు వేశారు. ఆరో తరగతి లెక్కల పుస్తకం ఒకటి సంపాదించి టేబుల్ మీద పెట్టుకుంటే సగం శ్రమ తగ్గుతుంది.

సిలబస్ అంటారా, అన్ని పాఠాలూ ఒక్క తీరుగా బరువు కావు. దత్తాంశ నిర్వహణ (డేటా హ్యాండ్లింగ్), సౌష్ఠవం (సిమెట్రీ) లాంటివి వెనకటి బాకీ లేకుండానే పిల్లలు అందుకోగలరు. వాటిలో ఈ పదకొండుమందికి మంచి మార్కులు తెప్పించండి, క్లాసులో తలెత్తుకుని కూర్చుంటారు. భిన్నాలు, దశాంశాలు మాత్రం పరుగెత్తించకండి, నిష్పత్తి పాఠం వాటిమీదే నిలబడాలి. ప్రిన్సిపల్ మేడం డైరీలో ఒక వారం వెనక ఉన్నట్టు కనిపిస్తే, ఏ పాఠంలో ఆ వారం తిరిగి సంపాదిస్తారో పక్కనే రాసిపెట్టండి. అలా రాసి ఉంటే అడిగేవాళ్లు తక్కువ.

ఇక ఆ అబ్బాయి. డిస్లెక్సియా అనే మాట మీరు గానీ నేను గానీ వాడి మీద వేయకూడదు. చూసి రాయడం అంత అందంగా ఎందుకు వచ్చిందంటే, క్లాసులో తిట్లు పడకుండా ఉండటానికి వాడికి దొరికిన దారి అది అని నా అనుమానం. బోర్డు మీదది కనిపిస్తోందంటే దూరపు చూపు బాగానే ఉండొచ్చు. దగ్గరి చూపు, వినికిడి చూపించాల్సిందే. మెహిదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆస్పత్రి, కోఠిలో ఈఎన్‌టీ ఆస్పత్రి రెండూ ప్రభుత్వానివే, దసరా సెలవుల్లో తీసుకెళ్లమనండి. ఎన్ని బళ్లు మారాడో, అంతకుముందు ఏ మీడియమో కనుక్కోండి. మీ పిల్లల్లో కొందరి తొలి తరగతులు కరోనాలో ఫోన్ల మీదే గడిచిపోయి ఉంటాయి, అక్షరాలు అక్కడే జారిపోయి ఉండొచ్చు.

తర్వాత తెలుగు కాగితం ఎలా చదివాడో చూడండి. తెలుగు కథ సాఫీగా చదివి ఇంగ్లిష్ పదాల దగ్గరే ఆగిపోతే అది భాష ఇబ్బంది, దానికి ఇంగ్లిష్ టీచర్‌తో కలిసి పనిచేయాలి. రెండింట్లోనూ గుణింతం దగ్గరే చిక్కుకుంటే రోజూ ఒక పావుగంట విడిగా చదివించండి, ఏ రోజు ఏది వచ్చిందో రాసి పెట్టుకోండి. రెండు నెలలైనా పెద్దగా కదలకపోతే అప్పుడు పరీక్షలు చేయించడమే. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధోవైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఉంది, నీపిడ్ అంటారు, అక్కడ నిపుణులు పరీక్షలు చేస్తారు. మీరు రాసుకున్న కాగితాలు అక్కడ బాగా పనికొస్తాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో నేర్చుకోవడంలో ఉండే ఈ ప్రత్యేక ఇబ్బందులు కూడా ఉన్నాయి. సర్టిఫికెట్ వస్తే పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లకు దారి ఉంటుంది. కొందరు తల్లిదండ్రులు ఆ కాగితం వద్దంటారు, పిల్లవాడికి ముద్ర పడుతుందని. వాళ్ల భయం అర్థమయ్యేదే. కానీ ఇప్పటికే క్లాసులో వాడికి ఏదో ఒక పేరు పడే ఉంటుంది, అది ఇంతకంటే మంచిదేమీ కాదు. ఈలోగా స్లిప్ టెస్టుల్లో లెక్కను మీరే వాడి పక్కకెళ్లి చదివి వినిపించండి. అప్పుడు చేసేస్తే లెక్కలు వచ్చినట్టే.

తల్లితో పేరెంట్స్ మీటింగు క్యూలో మాట్లాడకండి, ఇంకో రోజు పిలవండి. ‘‘అమ్మా, మీవాడి చేతిరాత క్లాసులో అందరికంటే బాగుంటుంది. రాసింది చదవడానికి మాత్రం కష్టపడుతున్నాడు. బద్ధకం కాదు. ఈ సెలవుల్లో కళ్లు, చెవులు ఒకసారి చూపించండి. రోజూ కాసేపు నేను చదివిస్తాను, రెండు నెలలకు ఎంత వచ్చిందో మీకే చూపిస్తాను’’ అంటే చాలు. జబ్బు పేర్లేవీ వద్దు. కొట్టయినా అని ఆమె అన్నది కోపంతో కాదు, ఇంకేం చేయాలో తోచక. కొడితే భయంతో ఉన్నది కూడా మర్చిపోతాడని, పైగా బళ్లో కొట్టడం చట్టం ఒప్పదని నెమ్మదిగా చెప్పండి. ఇంకో సంగతి. మిషన్ కుట్టే ఇంట్లో పెరిగిన పిల్లవాడికి టేపు మీద అర అంగుళం, పావు అంగుళం తెలిసే ఉంటాయి. భిన్నాల పాఠం రోజు వాడిని టేపు తెమ్మని చెప్పి, ముప్పావు ఎక్కడుందో క్లాసుకు వాడితోనే చూపించండి.

మీ భర్త అన్నదాంట్లో సగం నిజం ఉంది. ఎనభై దాటిన నోట్సులు ఇంటికి మోసుకెళ్లి ప్రతి లెక్కా దిద్దడం వల్ల పిల్లలకు ఒరిగేది తక్కువ, మీ రాత్రులు మాత్రం పోతాయి. పలకల మీద చూసేశాక వారానికి ఒక పేజీ దిద్దితే సరిపోతుందని మేడంను అడిగి చూడండి. ఈ కొత్త పనికి కావాల్సిన ఓపిక అందులోంచే రావాలి.

కరస్పాండెంట్ గారి దగ్గరికి ఒక్క కాగితంతో వెళ్లండి. పదకొండు పేర్లు, ఎవరు ఎక్కడ ఆగారు, స్టడీ అవర్‌లో మీకు కావాల్సిన అరగంట, దసరా నుంచి సంక్రాంతి వరకు గడువు. ఆయనకు అడ్మిషన్ల లెక్క ముఖ్యం. జూన్‌లో టీసీ అడిగేది ఎక్కువగా ఇలాంటి పిల్లల తల్లిదండ్రులేనని ఆయనకూ తెలుసు, గుర్తుచేస్తే చాలు. ఒప్పుకోకపోతే మీ పీరియడ్‌లో పలకలు, మొదటి పది నిమిషాలు, ఆ అబ్బాయికి పావుగంట మీ చేతుల్లో ఉన్నవే, వాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అంతకుమించి ఉచితంగా సాయంత్రాలు కూర్చుంటానని మాత్రం ఒప్పుకోకండి. ఒకసారి ఒప్పుకుంటే వచ్చే ఏడు టైంటేబుల్‌లోనే వేసేస్తారు.

ఎస్ఏ-1లో, అంటే అర్ధసంవత్సర పరీక్షలో, వీళ్ల మార్కులు పెద్దగా కదలకపోవచ్చు. ఆ పేపరు ఆరో తరగతిది, మీరు కడుతున్నది మూడో తరగతి బాకీ. ఆ మాట ఆయనకు పరీక్షల ముందే చెప్పి, శుక్రవారం చీటీలన్నీ తేదీల వరసలో ఒక కవర్లో పెట్టుకోండి. మార్కుల లిస్టు పట్టుకుని ఆయన పిలిచినప్పుడు ఆ కవరు తీసుకెళ్లండి.